పాట కాదు.. నిద్ర చూడండి

‘మావోడు రాత్రంత ఏడుపు పాటలే ఇంటున్నడు సార్‌.. జర చెప్పి మాన్పియ్యుండ్రి.’ సిద్దిపేటలో మా ఓపీకి ఇంటర్‌ కొడుకును తీసుకొచ్చిన తండ్రి మొర ఇది. అబ్బాయి వింటున్నది నిర్వాణా బ్యాండ్‌ ‘ఇన్‌ యుటెరో’. 1993 నాటి ఆల్బమ్‌. మరుసటి ఏడాదే గాయకుడు కర్ట్‌ కొబేన్‌ ఆత్మహత్య చేసుకున్నారు. ఆ సంగతి తెలిసి తండ్రి హడలిపోయారు.

1953లో ‘దేవదాసు’ వచ్చినప్పుడు ఘంటసాల గొంతులోని దుఃఖాన్ని మన పెద్దలూ గుండెకు హత్తుకున్నారు. (ఆ తండ్రి ఫోన్లోనూ అవే ఉన్నాయట!) తన బాధను ఇంకెవరో పలికారన్నది చాలామందికి ఊరటే.

అందుకే పాటల జోలికి పోకుండా నిద్ర, తిండి గురించి అడిగాను. మూడు వారాలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ. అన్నం సయించడం లేదు. స్నేహితుల ఫోన్లు ఎత్తడం లేదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అంటే తల వంచుకుని ‘అప్పుడప్పుడు’ అన్నాడు. వెంటనే సైకియాట్రిస్టు దగ్గరకు పంపాం.

ఇలా నేరుగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఫోన్‌ లాక్కోవద్దు, పాట విన్నాక తేలికపడుతున్నారా, మరింత కుంగుతున్నారా గమనించండి. దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. చావు మాట వస్తే ఆ రోజే. ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్‌ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు.