తెలుగు వార్తా ఛానెళ్లు – నాయకుల అందుబాటు: పక్షపాత ద్వంద్వ ప్రమాణాల పరిశీలన

1. ఉపోద్ఘాతం:

కడప జిల్లా తొండూరు పులివెందుల శాసనసభ నియోజకవర్గంలోని ఒక మండల కేంద్రం. 1978 నుంచి రాష్ట్ర రాజకీయాలలో ఈ నియోజకవర్గానిది ప్రత్యేక స్థానం. ఇక్కడి నుంచి గెలిచిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి, వై.ఎస్.జగన్మోహనరెడ్డి ఇద్దరూ ముఖ్యమంత్రులయ్యారు. అయినా తొండూరు ఓటరు తన శాసనసభ్యుణ్ణి ఎక్కువగా చూసేది టెలివిజన్ తెర మీదనే. ఒక ఛానెల్ పెడితే ఆ నాయకుడు ప్రజల మనిషి, మరో ఛానెల్ పెడితే అన్ని అనర్థాలకూ కారకుడు. ఆయన ప్రత్యర్థి విషయంలోనూ అంతే, ఛానెళ్లు మాత్రం తారుమారవుతాయి. ఒక నాయకుణ్ణి ఎవరు ప్రశ్నించగలుగుతున్నారు, ఎవరికి ఆ అవకాశం దక్కడం లేదు, ఆ నిరాకరణను ఎవరు ఎప్పుడు ఖండిస్తున్నారు అన్న అంశాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. అందుబాటు – నాలుగు ద్వారాలు:

వార్తాసంస్థకు నాయకుని అందుబాటు నాలుగు ద్వారాల గుండా లభిస్తుంది. మొదటిది ముఖాముఖి. దానిని ఎవరికివ్వాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ నాయకునిది. రెండవది విలేకరుల సమావేశం. మూడవది శాసనసభ, సచివాలయం వంటి ప్రభుత్వ ప్రాంగణాలలో ప్రవేశం. నాల్గవది ప్రసార మార్గం, అంటే కేబుల్ వ్యవస్థ. మొదటి మూడు ద్వారాలు తెరచి ఉన్నా నాల్గవది మూసుకుంటే విలేకరి అడిగిన ప్రశ్న కేబుల్ మీదనే ఆధారపడిన ప్రేక్షకుని చేరదు. కాబట్టి ఛానెల్‌ను సమావేశానికి రానివ్వకపోవడం, దాని ప్రసారాన్ని ఇళ్లకు చేరనివ్వకపోవడం ఒకే గొలుసులోని రెండు కొసలు.

3. నేపథ్యం:

తెలుగునాట పత్రికలకూ పార్టీలకూ ఉన్న సాన్నిహిత్యం టెలివిజన్ కంటె పాతది. 1974లో ప్రారంభమైన ఈనాడు 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీకి ఇచ్చిన ప్రాధాన్యం పత్రికా చరిత్రలో తరచు ప్రస్తావనకు వచ్చే విషయం. ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి తనను విమర్శించే దినపత్రికలను ‘ఆ రెండు పత్రికలు’ అని సభలలో పదేపదే ఎత్తిపొడిచేవారు. 2008లో సాక్షి దినపత్రిక, 2009లో సాక్షి టీవీ ఆయన కుటుంబ యాజమాన్యంలోనే వెలువడ్డాయి. ఆపై ‘ఎల్లో మీడియా’, ‘నీలి మీడియా’ అన్న నిందాపదాలు వాడుకలో స్థిరపడ్డాయి. ఈ మాటలు వార్తలోని తప్పును చూపవు. వార్త చెప్పినవారి రంగును మాత్రమే చూపుతాయి.

4. మూడు సందర్భాలు:

4.1. తెలంగాణ, 2014: కొత్త రాష్ట్ర శాసనసభ్యులను కించపరిచే కార్యక్రమం ప్రసారమైందన్న వివాదం తరువాత, 2014 జూన్‌లో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్ల ప్రసారాలను కేబుల్ సంస్థలు నిలిపివేశాయి. నిర్ణయం ఆపరేటర్లదేనని ప్రభుత్వ పక్షం చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో వరంగల్లులో ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఆ ఛానెళ్లను తీవ్రంగా హెచ్చరిస్తూ మాట్లాడారు.

4.2. ఆంధ్రప్రదేశ్, 2019–2021: జగన్మోహనరెడ్డి ప్రభుత్వం 2019 అక్టోబరు 30న జీవో 2430 జారీ చేసింది. తప్పుడు వార్తలని భావించిన వాటిపై ఫిర్యాదులు, కేసులు దాఖలు చేసే అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. ఇటువంటి జీవో 938ని 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చి, నిరసనల నడుమ పక్కన పెట్టింది. 2021 మే నెలలో టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్లపై రాజద్రోహ అభియోగంతో కేసు నమోదైంది. మే 31న సుప్రీంకోర్టు ఆ ఛానెళ్లపై బలవంతపు చర్యలు వద్దని ఆదేశించింది.

4.3. ఆంధ్రప్రదేశ్, 2024: జూన్ 4న ఫలితాలు వెలువడి తెలుగుదేశం కూటమి గెలిచిన తరువాత, సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ ప్రసారాలు రాష్ట్రంలోని పలు కేబుల్ వ్యవస్థలలో నిలిచిపోయాయి. తమ ఆదేశమేమీ లేదని కొత్త పాలకపక్షం చెప్పింది. వివాదం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. ప్రసారాలను పునరుద్ధరించాలని న్యాయస్థానం కేబుల్ పంపిణీ సంస్థలను ఆదేశించింది.

పదేళ్లలో మూడు పార్టీలు అధికారంలో ఉండగా వచ్చిన సందర్భాలివి. 2014లోనూ 2024లోనూ వినిపించిన సమాధానం ఒక్కటే: తెర ఆపింది ఆపరేటరు, ప్రభుత్వం కాదు.

5. ద్వంద్వ ప్రమాణం పనిచేసే తీరు:

‘అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ’ అన్న సామెత ఈ స్థితికి చక్కగా అన్వయిస్తుంది. తమ ఛానెల్ ఆగితే అది పత్రికాస్వేచ్ఛ మీద దాడి, ఎదుటివారి ఛానెల్ ఆగితే అది ప్రేక్షకుల తిరస్కారం. తమ విలేకరిని గుమ్మంలో ఆపితే నియంతృత్వం, ఎదుటి విలేకరిని ఆపితే ఆత్మగౌరవం. చర్య మారలేదు, దానికి పెట్టిన పేరు మారింది. 2019–2021 నాటి చర్యలను సమర్థించినవారు 2024లో ప్రజాస్వామ్యాన్ని గుర్తు చేశారు. 2019–2021లో ఆ మాటే చెప్పినవారిలో పలువురు 2024లో మౌనం వహించారు.

దీనిని పట్టుకోవడానికి ఒక సులభ పరీక్ష ఉంది. వార్తలోని పార్టీ పేర్లను తారుమారు చేసి మళ్లీ చదవాలి. అప్పుడు కూడా అదే తీర్పు నిలిస్తే అది ప్రమాణం, నిలవకపోతే పక్షపాతం.

ద్వంద్వ ప్రమాణానికి మరో ముఖం అనుకూల ముఖాముఖి. గుమ్మం తెరచుకున్న ఛానెల్ ఆ గుమ్మం మూసుకోకుండా చూసుకోవాలనుకుంటుంది. అందుచేత కఠినమైన ప్రశ్న తగ్గుతుంది. గుమ్మం మూసుకున్న ఛానెల్ నాయకుని సమాధానం లేకుండానే ఆరోపణలను ప్రసారం చేస్తుంది. అడగగలిగినవారు అడగరు, అడగాలనుకునేవారికి అవకాశం లేదు. పైడిపాళెం ఎత్తిపోతల పథకాన్నే తీసుకొంటే, ఆ పథకానికి రాజశేఖరరెడ్డి హయాంలో పునాది పడింది. 2017 జనవరిలో చంద్రబాబునాయుడు దానిని ప్రారంభించారు. రెండూ నిజాలే. ఒక నిజాన్ని వదిలేసిన వార్త అబద్ధం కాకపోయినా సగమే. పులివెందుల ప్రాంతపు చీనీ రైతుకు కావలసింది ఘనత ఎవరిదన్న వాదం కాదు. ఈ ఏడాది నీళ్లు ఎన్నాళ్లు వస్తాయన్న ప్రశ్న, దానికి జవాబు.

6. పార్టీ నేత – ప్రభుత్వాధినేత:

ఇక్కడ ఒక భేదాన్ని పాటించాలి. ముఖాముఖి ఇచ్చి తీరాలని ఏ నాయకుణ్ణీ చట్టం నిర్బంధించదు. 2023 సెప్టెంబరులో ప్రతిపక్ష ‘ఇండియా’ కూటమి 14 మంది వ్యాఖ్యాతల కార్యక్రమాలకు తమ ప్రతినిధులను పంపబోమని ప్రకటించింది. దాని ఔచిత్యాన్ని విమర్శించవచ్చు గాని, ఆ ఎంపిక పార్టీలకు ఉంది. ప్రభుత్వ ప్రాంగణం, ప్రభుత్వ సమావేశం, ప్రసార మార్గం వేరు. అవి ప్రజాధనంతోనో ప్రజా నియమాలతోనో నడిచేవి. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో చెప్పింది. రాజకీయ సంస్థలను ప్రసార రంగంలోకి అనుమతించరాదని 2014 ఆగస్టులో ట్రాయ్ సిఫారసు చేసింది. యాజమాన్యం, రాజకీయం కలిసిన చోట తటస్థత నిలవడం కష్టమన్న గుర్తింపు అందులో ఉంది.

7. ఇతర దేశాల అనుభవం:

2009 అక్టోబరులో అమెరికాలో ఒబామా ప్రభుత్వం ఒక అధికారితో ముఖాముఖికి ఫాక్స్ న్యూస్‌ను మినహాయించాలని చూసింది. ఫాక్స్ లేకుంటే తామూ రామని పోటీ ఛానెళ్లు పట్టుబట్టడంతో దానికీ అవకాశం దక్కింది. 2018 నవంబరులో ట్రంప్ ప్రభుత్వం సీఎన్ఎన్ విలేకరి జిమ్ అకోస్టా అనుమతి పత్రాన్ని రద్దు చేసింది. అప్పుడు న్యాయస్థానంలో సీఎన్ఎన్‌కు మద్దతుగా నిలిచినవారిలో ఫాక్స్ న్యూస్ కూడా ఉంది. భావజాలం వేరైనా వృత్తి ప్రమాణం ఒక్కటే కాగలదని ఈ రెండు ఘటనలూ చూపుతాయి.

8. ముగింపు:

తెలుగు ఛానెళ్లకు లోపించినది స్వేచ్ఛ గురించిన మాటలు కాదు, పోటీదారు స్వేచ్ఛను కూడా తన స్వేచ్ఛగా భావించే అలవాటు. పక్క విలేకరిని గుమ్మంలో ఆపినప్పుడు లోపల ఉన్న విలేకరి లేచి నిలబడితే ఏ పాలకపక్షమూ ఆ పని రెండోసారి సులభంగా చేయలేదు. అలా జరగనంత కాలం ప్రభుత్వం మారినప్పుడల్లా ఆగే ఛానెళ్ల జాబితా మారుతుందే గాని ఆపడం ఆగదు. ఆ నష్టం ఛానెళ్లకంటె ఎక్కువగా తొండూరు వంటి ఊళ్లలోని ప్రేక్షకునిది. తన నాయకుణ్ణి తన తరఫున ప్రశ్నించేవారు అతనికి ఏ ఛానెల్‌లోనూ కనిపించరు.