దండెం మీద తేలే లెక్క

బురుజుపేటలో మా మేడ మీద దండెం తీగను పొద్దున్నే తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి నల్లటి చార అంటుకుంటుంది. సాయంత్రం తుడిచినా అంతే. వైజాగు వన్ టౌన్ వాళ్లకి ఇది కొత్తేం కాదు. పోర్టులో దించే బొగ్గు, ఎక్కించే ఇనుప ఖనిజం గాలికి లేచి కిటికీ ఊచల మీదా, గచ్చు మీదా, ఆరేసిన పంచెల మీదా వాలుతూనే ఉంటాయి. అదే తీగ మీద మొన్న మే నెల మధ్యలో మా అమ్మాయి ఇరవై గుడ్డ డైపర్లు వరసగా క్లిప్పులు పెట్టి ఆరేసింది. పురిటికి వచ్చింది, అప్పటికి బిడ్డకి మూడు నెలలు నిండాయి. పక్క మేడ మీద వడియాలు తిరగేస్తున్న పిన్ని కాసేపు చూసి, "ఏటమ్మా, అన్నేసి డబ్బులెట్టి కొని మళ్లీ ఉతుకుడేనా?" అంది.

మా అమ్మాయి నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేకపోయాను. ముప్పై ఏళ్లు ఇంటి పద్దు రాసిన చెయ్యి నాది. ఆ ప్రశ్నకి జవాబు పెన్సిలు పట్టుకుంటే గానీ రాదనిపించింది.

ముందు ఎన్ని కావాలో చూద్దాం. పుట్టిన బిడ్డకి రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు గుడ్డ మార్చాలి. మూడు నెలలు దాటాక ఆరు, ఏడాది నిండాక ఐదు. పసిబిడ్డ ఒంటి బరువులో కిలోకి గంటకి సుమారు 2 మి.లీ. మూత్రం పోస్తుందనుకుంటే నాలుగు కిలోల బిడ్డకి రోజుకి 190 మి.లీ. పైన, ఎనిమిది కిలోల బిడ్డకి 380 మి.లీ. పైన తేలుతుంది. మొదటి మూడు నెలలూ మేం పాత నూలు చీరలు చింపిన పొత్తిగుడ్డలే వాడాం. రోజుకి పది చొప్పున తొమ్మిది వందల గుడ్డలు. దీంట్లో ఒక లాభం ఉంది. బిడ్డకి పాలు చాలుతున్నాయా అని అడిగితే డాక్టర్లు మొదట అడిగేది రోజుకి ఎన్నిసార్లు తడుపుతోందనే. మొదటి వారం దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరుకి తగ్గకూడదు. పొత్తిగుడ్డ వాడితే ఆ లెక్క బకెట్‌లోనే కనిపిస్తుంది. కొన్న డైపరు, అంటే ఒక్కసారి వాడి పారేసేది, గంటలకొద్దీ పీల్చుకుని పొడిగానే ఉంటుంది కాబట్టి దాంట్లో తెలియదు.

ఆ పీల్చుకునే గుణమంతా లోపలున్న తెల్లటి రవ్వలాంటి పదార్థానిది. సోడియం పాలీయాక్రిలేట్ అంటారు. మామూలు నీటినైతే తన బరువుకి రెండు మూడు వందల రెట్లు పట్టేస్తుంది. ఉప్పున్న మూత్రం దగ్గరికి వచ్చేసరికి ముప్పై నుంచి యాభై రెట్ల దగ్గర ఆగిపోతుంది. అయినా ఏ నూలుగుడ్డా దానికి సాటి రాదు. అమెరికాలో మారియన్ డొనోవన్ తడి బయటికి రాని డైపరు తొడుగుకి పేటెంటు తీసుకున్నది 1951లో. పాంపర్స్ వచ్చింది 1961లో. ఈ రవ్వ డైపర్లలోకి చేరింది 1980లలో. మా పెద్దవాడు ఘోషా ఆసుపత్రిలో పుట్టేనాటికి ఇవన్నీ లోకంలో ఉన్నాయట. పూర్ణా మార్కెట్ దాకా రాలేదు, అంతే.

ఇప్పటి గుడ్డ డైపరు మా కాలం పొత్తిగుడ్డ కాదు. పైన తడి దాటనివ్వని తొడుగు, లోపల నాలుగు నుంచి ఎనిమిది మడతల నూలు ప్యాడు, నడుం సైజు పెంచుకోడానికి బొత్తాలు. 2016లో ముంబైలో పల్లవి ఉటగి పెట్టిన సూపర్‌బాటమ్స్ లాంటి కంపెనీలు వచ్చాక మన దగ్గర కూడా వీటి పేరు వినపడుతోంది. పేరుకి గుడ్డే అయినా ఆ తొడుగు పాలియెస్టరుకి పాలీయురెథేన్ పొర అతికించిన బట్ట. అంటే ప్లాస్టిక్కే. కాకపోతే మూడు గంటలకి చెత్తబుట్టలో పడదు, రెండేళ్లు దండెం ఎక్కుతుంది. కొత్త నూలు ప్యాడు మొదటి రోజే సరిగ్గా పీల్చదని మాకు తెలియక మంచం పరుపు తడిసింది. దూదికి సహజంగా ఉండే జిడ్డు పోవాలంటే వాడకముందే నాలుగైదుసార్లు ఉతకాలి.

ఇక డబ్బు. ధరలు కొట్టుకీ కొట్టుకీ మారతాయి కాబట్టి నేను వేసుకున్న అంకెలు చెబుతాను, మీ ధర పెట్టి మళ్లీ గుణించుకోండి. కొన్న డైపరు ఒకటి 11 రూపాయలు. గుడ్డ డైపరు ఒకటి 600. ఇరవైకి 12,000. రెండు రోజులకోసారి మెషీన్ తిప్పితే సబ్బుపొడీ కరెంటూ కలిపి 11 రూపాయలు. మూడు నెలలు నిండినప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా 640 రోజులు.

అచ్చంగా కొన్న డైపర్లే వాడితే మొదటి 275 రోజులకి ఆరేసి చొప్పున 1,650, తరవాత 365 రోజులకి ఐదేసి చొప్పున 1,825. మొత్తం 3,475. ఖర్చు 38,225 రూపాయలు. పగలు గుడ్డ, రాత్రికి ఒక్కటి కొన్నది అనే మా పద్ధతిలో సెట్టుకి 12,000, ఉతుకుడికి 3,520, రాత్రివాటికి 7,040. మొత్తం 22,560. తేడా పదిహేను వేల పైమాటే. ఇక్కడ ఆగిపోతే కంపెనీవాళ్ల కరపత్రంలా ఉంటుంది.

కానీ పిన్ని కోడలు తన బిడ్డకి రోజంతా డైపరు కట్టదు కదా. వన్ టౌన్‌లో నాకు తెలిసి ఎవరూ కట్టరు. ఇంట్లో ఉన్నంతసేపూ పాత చీర ముక్కలు, రాత్రికొకటి, ఆసుపత్రికో కనక మహాలక్ష్మి గుడికో వెళ్లేటప్పుడు ఒకటి. అంటే రోజుకి రెండు. 640 రోజులకి 14,080 రూపాయలు. ఉతికే ఖర్చు మాతో సమానంగా కలిపినా 17,600. మా కన్నా దాదాపు ఐదు వేలు తక్కువ! పిన్ని ప్రశ్నలో పస ఉందని ఒప్పుకోక తప్పలేదు. డైపరుకీ గుడ్డ డైపరుకీ పోటీ పెట్టిన లెక్కలన్నీ రోజంతా డైపరు కట్టే ఇళ్లవి. మన ఇళ్లలో మూడో పోటీదారు ఉంది, బీరువా అడుగున పాత చీరల మూట. దాని ధర సున్నా.

పైగా కాళ్లు చాపుకుని పాదాల మీద బిడ్డని కూర్చోబెట్టి "స్‌స్‌స్" అంటూ అలవాటు చేసే నాయనమ్మలున్న ఇంట్లో 640 రోజులు పట్టనే పట్టదు.

మరి ఆ ఐదు వేలకి మాకేం దక్కింది? పొత్తిగుడ్డ తడిస్తే దాంతోపాటు కింది దుప్పటీ, ఎత్తుకున్నవాళ్ల చీరా తడుస్తాయి. గుడ్డ డైపరుతో ఆ రెండూ తప్పాయి. ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద పనిచేసుకునే మా అమ్మాయికి అరగంటకోసారి లేవాల్సిన పని తప్పింది. అది ఐదు వేలు చేస్తుందా అంటే ఆమె చేస్తుందంటుంది, నేను ఇంకా తేల్చుకోలేదు.

పర్యావరణం మాటెత్తితే అందరూ చూపేది బ్రిటన్ లెక్కలే. 2008లో అక్కడి పర్యావరణ సంస్థ వేసిన లెక్కలో బిడ్డకి రెండున్నరేళ్లకి కొన్న డైపర్లతో 550 కిలోల కార్బన్ డయాక్సైడుకి సమానమైన ఉద్గారాలు, గుడ్డవాటితో 570. గుడ్డే ఎక్కువ! 2023లో అక్కడి ప్రభుత్వం బయటపెట్టిన కొత్త అధ్యయనంలో అది తిరగబడింది. కొన్నవి 457, గుడ్డవి 345. మధ్యలో అక్కడి కరెంటులో బొగ్గు వాటా పడిపోయింది, మెషీన్లు పొదుపుగా మారాయి. 2008 నివేదికలోనే అసలు కిటుకు ఉంది. ప్రతిసారీ వేడిగాలి డ్రయ్యర్లో ఆరబెట్టే ఇంట్లో గుడ్డ డైపరు లెక్క ఎనిమిది వందల కిలోల పైకి ఎగబాకుతుంది. మెషీన్ నిండా వేసి ఉతికి, ఆరుబయట ఆరేసి, అవే రెండో బిడ్డకీ వాడితే సగటు మీద 200 కిలోలు తగ్గుతుంది. అంటే గుడ్డ మంచిదా చెడ్డదా అన్నది బట్ట తేల్చలేదు, దండెం తేల్చింది.

డ్రయ్యరు మా వీధిలో ఎవరికీ లేదు. కానీ గీజరు ఉంది. పది లీటర్ల నీళ్లని 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి కాయాలంటే 0.37 యూనిట్లు కావాలి. మన దేశపు కరెంటులో యూనిట్‌కి సగటున 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని కేంద్ర విద్యుత్ అథారిటీ లెక్క. 320 ఉతుకులకి 86 కిలోలు. బ్రిటన్ తేడాలో చాలావరకు ఇక్కడే హరించుకుపోతుంది. అందుకని మలం అంటినవాటికే వేడినీళ్లు, మిగతావాటికి చన్నీళ్లూ ఎండా. వైజాగు ఎండకి మించిన గీజరు పరవాడలో రెండు వేల మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం పెట్టినా రాదు.

నీళ్ల లెక్క అనుకున్నంత భయపెట్టలేదు. జాడించడానికి ఒక బకెట్టు, మెషీన్‌కి ఓ 55 లీటర్లు, రెండు రోజులకి కలిపి 70. రోజుకి 35 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకి ఇవ్వాల్సింది 135 లీటర్లని ప్రమాణం. దాంట్లో పావువంతు. కుళాయి వచ్చినన్నాళ్లూ బాగానే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక కరెంటూ నీళ్లూ లేని రోజుల్లో పసిబిడ్డలున్న ఇళ్లు ఎలా గడిపాయో గుర్తున్నవాళ్లు ఒక డైపరు ప్యాకెట్టు అటక మీద ఉంచుకోవడం తప్పనరు.

చాకిరీ కూడా రాసుకున్నాను. జాడించడం, తిప్పడం, ఆరేయడం, ప్యాడ్లు దూర్చి మడతపెట్టడం, రోజుకి ఇరవై నిమిషాలు. 640 రోజులకి 213 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ చొప్పున ఇరవై ఏడు రోజుల పని. ఈ గంటలకి బ్రిటన్ లెక్కలో గడి లేదు. మా ఇంట్లో ఆ గంటల్లో సగం నావి. అల్లుడు హైదరాబాదు నుంచి వచ్చిన శనాదివారాల్లో అతనివి. ఈ సంగతి వియ్యాలవారికి ఎవరూ చెప్పలేదు.

ఇక మళ్లీ తీగ దగ్గరికి. మేలో రెండు మడతల పొత్తిగుడ్డ గంటన్నరలో పెళపెళలాడేది. ఆరు మడతల ప్యాడు మాత్రం మధ్యలో వేలు పెట్టి నొక్కితే నాలుగు గంటలకి కూడా చల్లగా తగిలేది. ఎండ కన్నా మాకు అసలు పేచీ నల్లపొడితో వచ్చింది. మొదటి వారంలో తెల్ల ప్యాడు మీద నువ్వుగింజలో సగమంత మచ్చలు. చేత్తో రుద్దితే మసిలా పరుచుకునేవి. దులిపితే సగం రాలేవి. బిడ్డ ఒంటికి తగిలేది ఆ వైపే. అమ్మాయి ఇంటర్నెట్టులో వెతుకుతుంటే నేను అటక మీంచి పాత దోమతెర దించాను. నాలుగు మూలలూ దండేలకి కట్టి, దాని లోపల ప్యాడ్లు. తీగని ముందు తుడవడం, ఒంటికి తగిలే వైపు లోపలికి మడిచి వేయడం, నాలుగున్నరకల్లా తీసేసి రెండుసార్లు విదిలించడం. మచ్చలు పూర్తిగా పోలేదు. పది ఉండేచోట ఒకటి కనిపిస్తుంది. తెర మీద చెయ్యి వేస్తే మాత్రం అరచేయి నల్లబడుతుంది.

బిడ్డ చర్మానికి ఎర్రదనం ఒక్కసారి వచ్చింది. దానికి కారణం గుడ్డా కాదు, మసీ కాదు, మా నిద్ర. మూత్రంలోని యూరియాని మలంలోని సూక్ష్మజీవులు అమోనియాగా విరగ్గొడతాయి. దాంతో చర్మం మీద క్షారగుణం పెరిగి మలంలోని ఎంజైములు చర్మాన్ని కొరకడం మొదలెడతాయి. రవ్వ ఉన్న డైపరు తడిని దూరంగా పట్టి ఉంచుతుంది, గుడ్డ ఉంచలేదు. అందుకని గుడ్డని రెండు మూడు గంటలకి మార్చి తీరాలి. ఎర్రదనం వచ్చిన రోజు మధ్యాహ్నం ముగ్గురం కలిసి ఐదు గంటలు నిద్రపోయాం. మరో సంగతి, వాసన కోసం పోసే ఫ్యాబ్రిక్ కండిషనరు దారాలకి పూతలా పట్టి పీల్చే గుణాన్ని పోగొడుతుంది. క్లోరిన్ బ్లీచు తొడుగుని చీల్చేస్తుంది.

కొన్న డైపరు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు వాడిన డైపరుని కంపెనీ ఇచ్చిన కవరులో గట్టిగా చుట్టి పొడి చెత్తలో వేయమన్నాయి. ఆ కవర్లు కంపెనీలే ఇవ్వాలన్నాయి. మా ఇంట్లో రాత్రి డైపరు పాత దినపత్రికలో చుట్టుకుని వెళ్తుంది. బండెక్కి భీమిలి దారిలోని కాపులుప్పాడ చేరుతుంది. అక్కడ చెత్తని కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు ఉంది. పొడి డైపరు 35 గ్రాములు, దాంట్లో చేరింది 150 అనుకుంటే పొయ్యిలో పడేదాంట్లో ఐదొంతుల్లో నాలుగొంతులు నీళ్లే. మంట ముందు ఆ నీళ్లని మరిగించాలి.

అక్టోబరులో వానలు పట్టాయి. ప్యాడ్లు రెండు రోజులైనా ఆరలేదు, ముక్కవాసన మొదలైంది. హాల్లో ఫ్యాను కింద కుర్చీల వీపుల మీద పరిచి, పదకొండు రోజులు పూర్తిగా కొన్నవాటికే దిగాం. పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందో కూడా లెక్కేశాను. పగటి ఐదు డైపర్ల 55 రూపాయల్లోంచి ఉతుకుడు ఐదున్నర తీసేస్తే రోజుకి 49.50 మిగులు. పన్నెండు వేలు రాబట్టడానికి 242 రోజులు. మే 15 నుంచి లెక్కపెడితే జనవరి 12, అంటే సరిగ్గా భోగి ముంగిట. వానలు దాన్ని పదకొండు రోజులు వెనక్కి నెట్టాయి కాబట్టి మనవరాలికి భోగిపళ్లు పోసేనాటికి ఇంకా దాదాపు ఐదు వందలు బాకీ ఉంటుంది. పిన్నికి ఈ కాగితం చూపించాను. కింద గీసిన గీతలన్నీ చూసి, "ఆ దోమతెర మీకెక్కడ దొరికింది?" అంది.