రాయల కుళ్లాయి ఏ శాఖ పాఠం?

ఒక ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి ఒక్క శాస్త్రం చాలదు. భాష, చరిత్ర, కళ, సమాజం కలిపి చదివించే ఆసియా అధ్యయనాలు మన దగ్గరా వేళ్లూనుకోవాలి.

తిరుమల ఆలయంలోకి అడుగుపెట్టగానే దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవిలతో కలిసి చేతులు జోడించి నిలుచున్న శ్రీకృష్ణదేవరాయల విగ్రహం కనిపిస్తుంది. తలపై పొడవాటి కుళ్లాయి. ఈ తరహా వేషం పశ్చిమాసియా దర్బారుల నుంచి విజయనగరం చేరింది. శ్రీవారి సన్నిధిలో నిలిచిన వైష్ణవ ప్రభువు తలపైకి అది ఎలా వచ్చింది?

విజయనగర దర్బారు వేషధారణపై అమెరికా కళాచరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో ఒక వ్యాసం రాశారు. శిల్పాలను, శాసనాల్లోని ‘హిందూరాయ సురత్రాణ’ బిరుదును, విదేశీయుల రాతలను పక్కపక్కన పెట్టి చదివారు. తమ మతాన్ని వదులుకోకుండానే, ఆనాటి ఇస్లామిక్ ప్రపంచపు రాచమర్యాదలను విజయనగర ప్రభువులు తమవిగా చేసుకున్నారని తేల్చారు. శిల్పం ఒకరు, శాసనం ఇంకొకరు విడివిడిగా చదివితే ఈ సంగతి బయటపడేది కాదు.

స్పుత్నిక్ తెచ్చిన నిధులు

ఇలాంటి చదువుకు అమెరికాలో 1948లో పునాది పడింది. సంస్కృత పండితుడు నార్మన్ బ్రౌన్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయన విభాగం ప్రారంభించారు. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ నింగికెగిరింది. ఉలిక్కిపడిన అమెరికా మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యాచట్టం తెచ్చి, విదేశీ భాషల బోధనకు నిధులిచ్చింది. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద మనకు గోధుమలు అమ్మగా వచ్చిన రూపాయల్లో కొంతభాగంతో 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి గ్రంథాలయాలకు పంపారు. ప్రభుత్వం చూసుకున్నది ప్రచ్ఛన్నయుద్ధ ప్రయోజనమే. పండిన పంట మాత్రం విద్యాలోకానికి దక్కింది.

ముగ్గురు కలిసి రాసిన చరిత్ర

ఈ తరహా ఎం.ఏ., పీహెచ్‌డీలలో భాషే తొలిమెట్టు. దానికి తోడు ఒక శాస్త్రంలో లోతు, ఆ ప్రాంతంలో ఉండి చేసే పరిశోధన. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావు, తమిళ, సంస్కృత సాహిత్యాలు చదివిన డేవిడ్ షుల్మన్, ఆర్థికచరిత్ర నుంచి వచ్చిన సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ వెలువరించారు. భారతీయులకు చరిత్ర రాయడం తెలియదన్న వలసకాలపు అభిప్రాయాన్ని అది ఎదుర్కొంది. ఏ కాలంలో ఏ సాహిత్య ప్రక్రియది పైచేయిగా ఉంటే అందులోనే మనవాళ్లు చరిత్ర రాశారని వాదించింది. అందుకు చూపిన ఉదాహరణల్లో 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఒకటి. మనం కథగా విన్నదాన్ని వాళ్లు చరిత్రగా చదివారు.

అన్నీ ఉన్నాయి, కలయికే లేదు

మన దగ్గర చూస్తే, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో మొఘలుల నాటి పారశీక పత్రాలున్నాయి. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా అధ్యయన కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో అరబిక్, జపనీస్, కొరియన్ నేర్పుతున్నారు. వీటన్నిటినీ ఒకే పట్టా కిందికి తేవాలి. తెలుగు విద్యార్థి పారశీకం నేర్చుకున్నా, చరిత్ర విద్యార్థి శాసనలిపి నేర్చుకున్నా క్రెడిట్లు దక్కాలి. పర్యవేక్షకులు రెండు శాఖల నుంచీ ఉండాలి.

పట్టభద్రులైన యువతీయువకులకు ఒక మాట. విశ్వవిద్యాలయాలు కదిలేదాకా ఆగకండి. మీ సబ్జెక్టుకు ఇంకో ఆసియా భాషను జతచేసుకోండి. మన చరిత్రలో ఇంకా ఎవరూ చదవని పుటలు మీకోసం ఎదురుచూస్తున్నాయి.