టైరు మీది అంకెలు

సారంగాపూర్ నుండి జగిత్యాలకు కారులో వెళ్ళునప్పుడు మన ప్రాణభారమును మోయునవి నాలుగు టైర్లు. ఒక్కొక్కటి రోడ్డును తాకు చోటు ఇంచుమించు అరచేయంత. కావున అరిగిన టైర్లను మార్చునప్పుడు మనము ధర అడుగుటకు ముందే టైరు ప్రక్కనున్న అంకెలను చదువవలెను.

పాత ఆల్టో కార్లకు వచ్చిన 145/80 ఆర్ 12 టైరునే తీసికొందము. 145 వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో తెలుపును. ఆర్ అనగా రేడియల్. 12 రిమ్ము వ్యాసము, అంగుళములలో. కారు కంపెనీ సూచించిన ఈ కొలతను, మోయగల బరువును తగ్గించరాదు.

వేరొక చోట నాలుగంకెలుండును. 2324 అనగా 2024వ సంవత్సరపు 23వ వారమున తయారైనది. వాడకున్నను రబ్బరు కాలక్రమమున గట్టిపడి పగులును. కావున మెరుపును చూచి క్రొత్తదని నమ్మరాదు.

గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు పనికిరాదు. వాననీరు తప్పుకొనుటకు దారిలేక కారు నీటిపై తేలి జారును. రెండే కొనగలిగినచో వెనుక చక్రములకు వేయుట మేలు. వెనుక భాగము జారిన కారును నిలుపుట మిక్కిలి కష్టము.

విద్యార్థులారా! ఇంటివారు టైర్లు కొన వెళ్ళునాడు మీరును వెంట వెళ్ళి ఆ అంకెలను చదివి వినిపింపుడు. చదువు చేయదగిన మేలులలో ఇదియు ఒకటి.