మీకు తెలుసా? అల్లూరికి 27 ఏళ్లు నిండనే లేదు

గుబురు గడ్డం, ఒంటిమీద కాషాయం, చేతిలో విల్లు. అల్లూరి సీతారామరాజు విగ్రహం చూస్తే నలభై దాటిన పెద్దమనిషే అనిపిస్తాడు. ఆ గడ్డమే మన లెక్క తప్పించింది! ఆయన పుట్టింది 1897 జూలై 4న. 1922 ఆగస్టు 22న మన్యం వీరులతో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడేనాటికి పాతికేళ్ల కుర్రాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిష్ వాళ్లు కాల్చి చంపేటప్పటికి 27 నిండలేదు. అన్నట్టు, 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాలో ఆ వేషం కట్టిన కృష్ణకే అప్పటికి 30 దాటాయి. ఇక అరకు లోయ ఇప్పుడు ఉన్నది అల్లూరి పేరిట 2022లో ఏర్పడిన జిల్లాలోనే.