గోదావరి సీమ – కదలెడు భూఫలకము

రాజమహేంద్రవరమునకు చేరువనున్న కాతేరు వద్దను, గోదావరి ఆవలి యొడ్డున కొవ్వూరు దాటిన పిమ్మట గౌరీపట్నము, దుద్దుకూరు ప్రాంతములందును నల్లరాతి క్వారీలు కలవు. రోడ్లపై పరచు కంకరకు ఈ రాయి ప్రసిద్ధి. ఇది బసాల్టు శిల. అనగా ఒకప్పుడు కరిగి ప్రవహించి, చల్లారి గట్టిపడిన లావా. సమీపమున అగ్నిపర్వతమన్నదే లేని ఈ సీమకు లావా ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకవలెనన్న భూమి పైపొర కదలికలను గురించి తెలిసికొనవలెను.

ఫలకములనగా నేమి?

చెరువు ఎండినపుడు అడుగుమట్టి బీటలువారి పెచ్చులుగా విడిపోవును. భూమి పైపొర కూడ ఇట్లే ముక్కలుగా నున్నది. ఒక్కొక్క ముక్కను భూఫలకమందురు. పెద్ద ఫలకములు ఏడు, చిన్నవి అనేకము. వీని మందము చోటును బట్టి మారినను, సుమారు 100 కిలోమీటర్లని చెప్పవచ్చును. ఖండములును, సముద్రముల అడుగును ఈ ఫలకములలోని భాగములే.

ఫలకముల క్రింది పొరకు ప్రావారమని పేరు. అది నిప్పుల సముద్రమని పలువురు తలంతురు, అది సరికాదు. ప్రావారము చాలవరకు ఘనపదార్థమే. కాని అధికమైన వేడివలన, లక్షల ఏండ్ల కాలములో, అది మైనమువలె మెల్లగా సాగును.

సముద్రము క్రింది ఫలకము కాలము గడచిన కొలది చల్లబడి బరువెక్కును. తుదకు దాని అంచు ప్రావారములోనికి క్రుంగును. పడవ అంచునుండి తడిచీర కొంగు నీటిలోనికి జారినచో, ఆ బరువునకు మిగిలిన చీరయు జారిపోవును గదా! క్రుంగిన అంచు కూడ అట్లే మిగిలిన ఫలకమును లాగుకొని పోవును. ఫలకముల కదలికకు ముఖ్యకారణము ఇదియే. రెండు ఫలకములు ఎడమైన చోట లోపలి రాయి కరిగి పైకివచ్చి, సముద్రమునకు క్రొత్త అడుగు ఏర్పడును. ఢీకొన్నచోట ఒకటి రెండవదాని క్రిందికి దూరును. లేక రెండును ముడుతలుపడి పర్వతములు లేచును. కొన్నిచోట్ల అవి ప్రక్క ప్రక్కగా ఒరసికొనుచు పోవును.

ఖండములు కదలునని 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చెప్పినపుడు నమ్మినవారు కొద్దిమందియే. 1960 తరువాత సముద్రపుటడుగును పరిశోధించిన పిమ్మట ఈ భావము స్థిరపడినది. భారత ఫలకము నేడు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యముగా సాగుచున్నది. మనిషి వ్రేలిగోరు ఇంచుమించు ఇంతే వేగముతో పెరుగును.

అంటార్కిటికాతో పొరుగు

భారతదేశము, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలు ఒకప్పుడు ఒకే మహాఖండముగా నుండెను. గోండుల సీమ పేరుమీదుగా దానికి గోండ్వానా అని పేరు వచ్చినది. ఆ కాలములో భూమి సాగి, సమాంతరమైన పగుళ్ల నడుమ ఒక పొడవైన పల్లము క్రుంగినది. అదియే ప్రాణహిత–గోదావరి లోయ. అందు పెరిగిన అడవులు మట్టిక్రింద పడి బొగ్గుగా మారినవి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు వద్ద కనుగొన్న సింగరేణి బొగ్గు ఆ నాటిదే. గోదావరి నది తరువాతి కాలమున ఈ పల్లపుదారినే పట్టినది.

సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రితము భారతదేశము అంటార్కిటికానుండి విడివడెను. తూర్పు తీరము ఆ నాటి చీలికకు అంచు. పాపికొండలు చేరిన తూర్పు కనుమల శిలలకు జోడైన శిలలు తూర్పు అంటార్కిటికాలో కానవచ్చుట ఇందుకు సాక్ష్యము. 2012లో భారతదేశము లార్స్‌మన్ కొండలలో నెలకొల్పిన 'భారతి' పరిశోధన కేంద్రము ఈ పాత పొరుగు నేలమీదనే యున్నది.

చీలిన అంచు పలుచబడి క్రుంగుచు వచ్చినది. నదులు తెచ్చిన మట్టి, ఇసుక ఆ పల్లమును నింపినవి. కృష్ణా–గోదావరి ప్రాంతములో ఈ పొరల మందము కొన్నిచోట్ల 5 కిలోమీటర్లను మించును. వానిలో పూడుకొనిన జీవపదార్థమే వేడికి, ఒత్తిడికి మారి నేడు కోనసీమలో లభించు సహజవాయువైనది.

ఇక నల్లరాతి సంగతి. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రితము భారత ఫలకము ఉత్తరముగా పోవుచు, నేటి రీయూనియన్ ద్వీపము క్రిందనున్న వేడిచోటు మీదుగా సాగినది. అపుడు దక్కను పడమటి భాగమున లావా పొంగి పొరలెను. అందు కొంత పాత నదీలోయల వెంబడి సుమారు 1,000 కిలోమీటర్లు ప్రవహించి రాజమహేంద్రవర ప్రాంతమును చేరెనని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇచ్చటి లావా పొరల నడుమ సముద్రజీవుల గుల్లలు దొరకుచున్నవి. అనగా నాటి సముద్రతీరము ఇచ్చటనే యుండెను; డెల్టా ఇంకను పుట్టలేదు.

నేటి భయములు, జాగ్రత్తలు

సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రితము భారత ఫలకము ఆసియాను ఢీకొనగా హిమాలయములు లేచినవి. ఆ త్రోపు ఇంకను ఆగలేదు. దాని ఒత్తిడి ఫలకమంతట వ్యాపించి, పాత పగుళ్లు అప్పుడప్పుడు జారును. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద 5.7 పరిమాణము గల భూకంపము వచ్చినది. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన 5.3 పరిమాణపు భూకంపము రాజమహేంద్రవరమునకు కూడ తెలిసినది. రెండును గోదావరి లోయలోనివే.

డెల్టా నేల మెత్తని ఒండ్రు. గట్టి రాతినేలకంటె ఇది ఎక్కువగా అదరును. తీవ్రముగా అదరినచో నీటితో నిండిన ఇసుక పట్టు సడలి, కట్టడములు ఒరగవచ్చును. కనుక ఇల్లు కట్టునపుడు పునాదిని నేలకు తగినట్లు వేయుట, గోడలన్నిటిని చుట్టివచ్చునట్లు కాంక్రీటు పట్టీలు వేసి బిగించుట అవసరము. భూకంపము ఏ తేదీన వచ్చునో ముందుగా చెప్పు విద్య ఇంకను లేదు. అట్టి పుకార్లు నమ్మదగినవి కావు.

సునామీ సంగతి వేరు. అండమాను–సుమత్రాల వద్ద భారత ఫలకము పొరుగు ఫలకము క్రిందికి దూరుచున్నది. 2004 డిసెంబరు 26న అచ్చట సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున ఫలకముల అంచు జారి, సముద్రపుటడుగు లేచినది. ఆ కెరటము కొన్ని గంటలలోనే ఆంధ్ర తీరమును తాకి ప్రాణనష్టము కలిగించెను. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. హెచ్చరిక వినబడినను, సముద్రము హఠాత్తుగా వెనుకకు తగ్గినను, తీరవాసులు చూచుటకు పోక వెంటనే తీరము విడిచి లోపలికి పోవలెను. మెట్ట లేని కోనసీమ గ్రామములలో వారికి దగ్గరి ఆశ్రయము గట్టి భవనపు పై అంతస్తు, లేక తుపాను రక్షిత భవనము.