నులిపురుగులు: మందు బిడ్డ ఒక్కడికేనా?

పగలంతా హుషారుగా ఆడుకున్న పిల్లవాడు రాత్రి నిద్రలో అటూ ఇటూ పొర్లుతాడు. ఆసనం వద్ద గోక్కుంటాడు, లేచి ఏడుస్తాడు. “బెల్లం ఎక్కువ తిన్నాడు, నులిపురుగులు పట్టాయి” అని పెద్దలు తేల్చివేస్తారు. పెద్దల అనుమానం నిజమే కావచ్చు. కాని నేరం బెల్లానిది కాదు. తీపి తిన్నంత మాత్రాన పురుగులు పుట్టవు. వాటి గుడ్లు నోటిలోకి పోవడమే వ్యాధికి మూలం.

కడుపులో చేరే పురుగులన్నింటినీ మనం నులిపురుగులనే అంటాము. వాటిలో తెల్లని నూలుపోగువలె కనిపించేదే పిన్‌వర్మ్. ఆడపురుగు పొడవు 8 నుండి 13 మిల్లీమీటర్లు. పెద్దప్రేగు మొదటి భాగంలో నివసించే ఈ జీవి, రాత్రివేళ వెలుపలికి వచ్చి ఆసనం చుట్టూ చర్మంపై పదివేలకు పైగా గుడ్లు పెడుతుంది. దురదకు కారణమిదే. గోకినప్పుడు గుడ్లు గోళ్ళలో చేరుతాయి. వ్రేలు నోటికి వెళ్ళగానే కథ మళ్ళీ మొదలవుతుంది. ఆడపిల్లలలో ఈ పురుగులు జననాంగాల వైపు ప్రాకి అక్కడ కూడా మంట, దురద కలిగిస్తాయి.

మానవునితో దీని సహవాసం నేటిది కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక గుహలో లభించిన, దాదాపు 10,000 ఏండ్లనాటి మానవ మలంలో సైతం దీని గుడ్లు బయటపడ్డాయి.

గుడ్లు చర్మంపై ఉంటాయి కనుక సాధారణ మలపరీక్షలో తరచు కనిపించవు. ఉదయం బిడ్డ లేవగానే, కడగకముందే, పారదర్శకమైన సెల్లోఫేన్ టేపును ఆసనం వద్ద అద్ది, గాజుపలకపై అంటించి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. 1941 నుండి వాడుకలో ఉన్న ఈ పద్ధతిని వరుసగా మూడు ఉదయాలు పాటిస్తే ఫలితం మరింత నమ్మదగినది.

చికిత్స సులభం. ఆల్బెండజోల్, మెబెండజోల్, పైరాంటెల్ – మూడూ పనిచేసే మందులే. అయితే ఇవి పురుగులను చంపుతాయి కాని గుడ్లను నమ్మకంగా నశింపజేయలేవు. పక్కబట్టలపై, బొమ్మలపై ఆ గుడ్లు రెండు మూడు వారాలు బ్రతికి ఉండగలవు. అందుకే రెండు వారాల తరువాత రెండవ మోతాదు తప్పనిసరి. దురద లేనివారిలోనూ పురుగులు ఉండవచ్చు కనుక ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు తీసుకోవాలి. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు మాత్రం వైద్యుడు చెప్పనిదే ఇవ్వరాదు.

మన దేశంలో 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేర బడులలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. ఆ కార్యక్రమం ప్రధానంగా మట్టి ద్వారా సోకే ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగుల కోసం ఉద్దేశించినది. పిన్‌వర్మ్ మకాం మట్టిలో కాదు, ఇంటిలో. బడిలో మ్రింగిన ఒక్క మాత్రతో దాని పీడ వదలదు.

మందుతోపాటు పాటించవలసినవి కొన్ని కలవు. గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి. ఉదయం లేవగానే స్నానం చేయించి లోదుస్తులు మార్చాలి. పక్కబట్టలను దులపకుండా తీసి వేడినీటిలో ఉతకాలి. భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడిగించాలి.

శుభ్రమైన ఇండ్లలోనూ ఈ వ్యాధి వస్తుంది. బిడ్డను కసరడం, తల్లిని నిందించడం చికిత్స కాదు. తొలి మోతాదు వేసిన నాడే కేలండరులో పదునాలుగవ రోజును గుర్తించి పెట్టుకోవడం మేలు.